గోరుకింది నలుపు

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కు కూలి ఎంతో అందరికీ తెలుసు. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి పట్టే అరగంట ఎవరి ఖాతాలోదో మాత్రం ఎవరికీ తెలియదు. ఓనరు లెక్కలో పని ఆరింటికి అయిపోయింది. ఇంట్లోవాళ్ళ లెక్కలో మనిషి ఆరున్నర దాటితే గాని రాడు. నడుమ ఉన్న వేళంతా కిరసనాయిలు పళ్ళేనికీ, రంపప్పొట్టుకీ, బార్ సబ్బుకీ, బోరింగు పంపుకీ పోయేది. ఇప్పుడు ఆ వేళ లేదు. దానితోపాటు ఒక విద్య కూడా పోయింది. అది రాసిపెట్టుకోదగ్గ విద్య అని అప్పట్లో ఎవరికీ తోచలేదు. చేతులు కడుక్కోవడం కూడా ఒక విద్యేనా అని ఇప్పటివాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళు ఒకసారి లేలాండ్ గేర్‌బాక్సు దింపి చూడాలి.

పదో తరగతి పరీక్షలు రాశాక, 1976 ఎండాకాలంలో, ఊరికే తిరిగితే చెడిపోతానని మా అమ్మ నన్ను మామయ్య షెడ్డుకు తోలింది. మామయ్య అమ్మకు తమ్ముడు. ఆవిడ మాట తీసెయ్యలేక, నా మెత్తటి చేతులు చూసి ఒకసారి నిట్టూర్చి, "సరే అక్కా, ఉండనీ" అన్నాడు. సెలవులైపోయాక కూడా పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి షెడ్డుగా కొన్నేళ్ళు గడిచాయి. తర్వాత నేను ఇన్సూరెన్సు సర్వేయరునై, గుద్దుకున్న లారీలు చూసి నష్టం లెక్కగట్టే పనిలో పడ్డాను. షెడ్లతో సంబంధం తెగలేదు గాని, పట్టుకునేది స్పానరు పోయి పెన్ను అయింది.

అప్పటి ఆటోనగర్ అంటే లారీల ఊరు. జంషెడ్‌పూర్ నుంచి టాటా ఛాసిస్‌లు, ఎన్నూరు నుంచి లేలాండ్ ఛాసిస్‌లు వచ్చేవి. క్యాబిన్ కూడా ఉండేది కాదు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండా దుమ్మూ మొహాన కొట్టుకుంటుంటే తోలుకొచ్చేవాడు. ఇక్కడ వడ్రంగులు తుమ్మా టేకూ కోసి బాడీ కట్టేవాళ్ళు. టింకరింగు వాళ్ళు రేకు సాగగొట్టేవాళ్ళు. పెయింటరు వెనక తలుపు మీద నెమళ్ళూ తామరపూలూ వేసి, ఓనరు కూతురి పేరు నుదుటి మీద రాసి పంపేవాడు. ఒక వీధి కమాన్ కట్టలది, ఒక వీధి రేడియేటర్లది. లేత్‌లు ఒకవైపు, బ్యాటరీలు ఒకవైపు, పాత ఇనుము ఎటు చూసినా. మామయ్యది ఇంజిన్ పని. టాటా వాళ్ళు 1954లో బెంజి కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969లోనే ముగిసినా మా డ్రైవర్లకు మాత్రం అది చాలాకాలం బెంజి లారీయే.

ఆ ఊళ్ళో మనిషి మొహం చూడక్కర్లేదు, చేతులు చూసి పని చెప్పెయ్యొచ్చు. కమాన్లు కట్టేవాడి చేతులకు తుప్పూ గ్రాఫైటు గ్రీజూ కలిసిన ముదురు ఎరుపు. లేత్ వాడికి పోత ఇనుము పొడి. పోత ఇనుములో గ్రాఫైటు ఉంటుంది కాబట్టి అది పెన్సిలు రంగులో అరచేతికి అంటుకుని మెరుస్తుంది. బ్యాటరీ వాడికి నలుపు తక్కువ, చొక్కాకు మాత్రం యాసిడ్ చిల్లులు. పంక్చరు వాడి వేళ్ళకు సొల్యూషను ఎండి పొరలు పొరలుగా లేస్తుండేది. పెయింటరుకు గోళ్ళ చుట్టూ ఆ వారం వేసిన రంగులన్నీ.

నలుపంటే ఇంజిన్ పనివాడిదే. డీజిలు ఇంజిన్లో కొత్త ఆయిలు పోసినప్పుడు లేత పసుపుగా ఉంటుంది. కొద్ది రోజులు తిరిగితే చాలు, కాటుక నలుపు. డీజిలు కాలినప్పుడు పుట్టే మసి పిస్టను రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఒక్కో రేణువు కంటికి ఆనదు. ఆయిలు దాన్ని మోసుకుపోయి వేలిముద్ర గీతల్లోకి, గోరు మూలల్లోకి, వేళ్ళ కణుపుల్లో ఉన్న పగుళ్ళలోకి దింపుతుంది. ఆయిలు సబ్బుకు లొంగుతుంది. మసి ఏ సబ్బులోనూ ఏ నూనెలోనూ కరగదు. దాన్ని మోసుకొచ్చిన జిడ్డును ముందు కరిగించి, ఆ తర్వాత గరుకుది ఏదైనా పెట్టి గీతల్లోంచి బయటికి లాగాలి. ఇదంతా నేను తర్వాతెప్పుడో చదువుకున్నాను. మామయ్య ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఆయనకు ఈ మాటలు తెలియవు గాని, సంగతి వేళ్ళకు తెలుసు.

కొత్తగా చేరిన కుర్రాడు ఎవడైనా సాయంత్రం సరాసరి పంపు దగ్గరికి పరిగెత్తేవాడు. మామయ్య కేక వేసేవాడు: "ఒరేయ్, తడి చెయ్యకు! ఇప్పుడు నీళ్ళు తగిలాయంటే అది నీతోపాటే ఇంటికొచ్చి పడుకుంటుంది." ఆటోనగర్ శాస్త్రంలో మొదటి సూత్రం అది. చివరిదాకా నీళ్ళు తగలకూడదు.

ముందు పొడి తుడుపు. దానికి బనీను వేస్టు. తిరుప్పూరు వైపు బనీన్ల కంపెనీల్లో మిగిలిపోయే కత్తిరింపులు మూటలు కట్టి వచ్చేవి. మోచేతి నుంచి వేళ్ళ వైపుకే తుడవాలి, పైకి తుడిస్తే శుభ్రంగా ఉన్న చోటు కూడా పాడవుతుంది. తర్వాత కిరసనాయిలు. కొత్త కిరసనాయిలు చేతుల మీద పోసుకునే భోగం ఎవరికీ లేదు. రేషన్ క్యూలో నిలబడి తెచ్చిన సరుకది. పగలంతా స్పేర్లు కడిగిన పళ్ళెంలోది కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేటను డాల్డా డబ్బాలోకి వంచుకుని అందులో చేతులు ముంచేవాళ్ళం. డీజిలు అయితే వాసన తెల్లారినా పోదు, కాని చర్మాన్ని అంతగా ఎండగట్టదు. పెట్రోలు ఒక్క క్షణంలో శుభ్రం చేస్తుంది. చెయ్యి తెల్లగా పాలిపోయి, చల్లబడి, కాసేపటికి మంట మొదలవుతుంది. "దొరబాబు సబ్బు" అనేవాళ్ళు దాన్ని, అది దొరికేది కారు ఓనర్ల బండి నుంచే కాబట్టి.

జిడ్డు కరిగాక రంపప్పొట్టు. పక్కన బాడీ కట్టే షెడ్డులో గుట్టలుగా పడి ఉండేది, డబ్బిచ్చి కొనేది కాదు. గుప్పెడు తీసుకుని గట్టిగా నలిపితే కరిగిన జిడ్డును పీల్చుకుని ముద్దలు ముద్దలుగా రాలేది. ఇందులోనూ ఒక పట్టింపు ఉంది: టేకు పొట్టు వాడొచ్చు, తుమ్మ పొట్టు జోలికి పోకూడదు. ఎందుకో ముందు ముందు చెబుతాను. పొట్టు దులిపాక సబ్బు, అదీ చెమ్మ తగిలీ తగలకుండా. 501 బార్ అని టాటా ఆయిల్ మిల్స్ వాళ్ళది పొడుగాటి కడ్డీ వచ్చేది. కొట్టువాడు ముక్క కోసి ఇచ్చేవాడు. ఆ కంపెనీ 1990లలో హిందుస్థాన్ లీవర్‌లో కలిసిపోయింది. ఒళ్ళు రుద్దుకునే లైఫ్‌బాయ్ ఈ పనికి వాడితే అత్తయ్య ఊరుకునేది కాదు. సబ్బు పట్టించిన చేతుల మీద ఊక బూడిద చల్లుకునేవాళ్ళం. కృష్ణా జిల్లాలో రైసు మిల్లులకు కొదవ లేదు, మిల్లు బాయిలర్లలో ఊకే వంటచెరకు, బూడిద అడిగినంత. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అంటే ఇసుకకు చుట్టం. జల్లెడ పట్టకపోతే చర్మం చీరుకుపోతుంది. జల్లెడ పట్టినదైతే ఇంతకన్నా మంచి గరుకు ఇంకోటి లేదు. చివరికి ఎండిన బీరపీచుతో గోళ్ళ సందులు. అప్పుడు నీళ్ళు.

ఈ నీళ్ళ దగ్గరే అసలు కథంతా. బోరింగు పంపు కొట్టడానికి ఒక మనిషి కావాలి. మురికి చేతులతో హ్యాండిలు పట్టుకుంటే తర్వాతివాడికి ఆ మురికి అంటుతుంది. కాబట్టి ఒకడు కడుక్కుంటుంటే ఒకడు కొట్టాలి. చాలా షెడ్లలో కుర్రాడే అందరికీ కొట్టేవాడు. వాడి వంతు వచ్చేసరికి అందరూ సైకిళ్ళెక్కి వెళ్ళిపోయేవాళ్ళు, వాడు ఒంటి చేత్తో కొట్టుకుంటూ ఒంటి చెయ్యి కడుక్కునేవాడు. మా షెడ్డులో మామయ్య పెట్టిన పద్ధతి వేరు. ముందు ఆయన కడుక్కునేవాడు. ఆ తర్వాత అందరి కంటే చిన్నవాడికి ఆయనే పంపు కొట్టేవాడు. లారీ ఓనర్లు అది చూసి "మేస్త్రి గారేంటి, పిల్లోడికి నీళ్ళు కొడుతున్నారు" అని వేళాకోళం చేసేవాళ్ళు. "రేపు వాడు నా ఇంజిన్లో చెయ్యి పెట్టాలి కదండీ" అనేవాడు మామయ్య. అందులో మర్యాద ఎంతో వ్యాపారం ఎంతో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

షెడ్డు వ్యవహారాలన్నీ ఆ అరగంటలోనే తేలేవి. అడ్వాన్సు అడగాల్సినవాడు మామయ్య చేతులకు సబ్బు నురుగు ఉన్నప్పుడే అడిగేవాడు. ఆ స్థితిలో మనిషి లేచి పోలేడు, జేబులో డబ్బులు లేవని తడిమి చూపించలేడు. "మేస్త్రీ, పెద్దాడికి జొరం" అని మొదలుపెడితే ముగిసేసరికి పది రూపాయలు ఖాయం. ఎవడు ఎవడి స్పానరు దాచాడు, రాత్రి సినిమాకు అలంకార్‌కు పోదామా దుర్గా కళామందిర్‌కు పోదామా, ఏ ఓనరు బిల్లు ఎగ్గొట్టేలా ఉన్నాడు అన్నీ అక్కడే. పక్క షెడ్డు గేర్‌బాక్సు భాయి కూడా బూడిద కోసం వచ్చి కూర్చునేవాడు. గొంతుక్కూర్చుని, చేతులు ముందుకు చాపి ఉన్నప్పుడు మేస్త్రికీ క్లీనరుకీ ఎత్తు తేడా ఉండదు. పగలు నోరెత్తనివాడు కూడా అప్పుడు మాట్లాడేవాడు.

బోరింగు నీళ్ళు కాస్త ఉప్పన. ఉప్పు నీళ్ళలో సబ్బు నురగదు, విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, ఆ తెట్టే మసిని మళ్ళీ చేతికి అంటిస్తుంది. అందుకని ఆఖరి తడుపుకు మంచినీళ్ళ బిందె ఒకటి విడిగా ఉంచేవాళ్ళం. కడుక్కున్నాక నాలుగు చుక్కలు కొబ్బరినూనె. అది లేనివాడి చేతులు చలికాలంలో నెత్తురు వచ్చేలా పగిలేవి. పగుళ్ళలోకి మర్నాటి మసి ఇంకా లోతుకు దిగేది. నూనె రాసుకోవడం సోకు కింద జమకట్టేసేవాళ్ళు కుర్రాళ్ళు. గేర్‌బాక్సు భాయి మాత్రం పనికి ముందే రాసుకునేవాడు. ఆయన ఇంకో పని కూడా చేసేవాడు. పొద్దున షట్టరు ఎత్తగానే బార్ సబ్బు మీద పది గోళ్ళూ గీకి, గోళ్ళ కింద సబ్బు నింపుకునేవాడు. ఉన్న ఖాళీ సబ్బుతో నిండిపోతే మసికి చోటెక్కడిది? సాయంత్రం నీళ్ళు తగలగానే సబ్బు కరిగి గోళ్ళు తెల్లగా వచ్చేవి. ఆటోనగర్ మొత్తంలో నేను చూసిన శుభ్రమైన చేతులు ఆయనవే. ఆ కిటుకు అందరి కళ్ళెదుటే జరిగేది, ఒక్కడూ నేర్చుకోలేదు. సాయంత్రం అరగంట తోముకోవడానికి ఒప్పుకునే మనిషి పొద్దున్నే అర నిమిషం ముందుచూపుకు ఒప్పుకోడు.

తుమ్మ పొట్టు సంగతి చెబుతానన్నాను. బాడీ కట్టే వడ్రంగుల చేతులకు జిడ్డుండదు, కాని వేళ్ళ నిండా నీలం కలిసిన నలుపు ఉండేది. దానికి కిరసనాయిలు పోస్తే ఏమీ కాదు, సబ్బు పెడితే ఇంకా ముదురుతుంది. తుమ్మలో వగరు ఉంటుంది, టానిన్ అంటారు. ఆ వగరుకు ఇనుము తగిలితే నల్ల సిరా పుడుతుంది. రంపం, ఉలి, మేకులు, చెమట అన్నీ కలిసి వడ్రంగి చేతిలో రోజంతా సిరా తయారవుతూనే ఉంటుంది. ఇనప రజను అంటిన మెకానిక్కు తుమ్మ పొట్టుతో రుద్దుకుంటే అదే జరుగుతుంది, మరక పోవడానికి బదులు కొత్త మరక పడుతుంది. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న పెడనలో కలంకారీ వాళ్ళు ఇదే గుణాన్ని పనిలో పెట్టుకున్నారు. గుడ్డకు కరక్కాయ వగరు పట్టించి, తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన రసంతో అద్దితే నల్ల గీత పడుతుంది. అక్కడ అది కళ, ఇక్కడ మరక. దాన్ని పోగొట్టేది పులుపు. సోడా కొట్లో పిండేసిన నిమ్మ తొక్కలు ఏరుకొచ్చి వడ్రంగులు చేతులకు రుద్దుకునేవాళ్ళు. నిమ్మ లేకపోతే ఉప్పూ చింతపండూ.

ఆ చింతపండు మా షెడ్డుకు కూడా పెద్ద ఎత్తున వచ్చిన రోజులున్నాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతి వారాల్లో సముద్రపు నీళ్ళలో మునిగిన లారీలు, ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఆటోనగర్‌కు కట్టి లాక్కొచ్చారు. హబ్ విప్పితే గ్రీజు ఉప్పునీళ్ళతో కలిసి తెల్లగా, మెత్తగా జారిపోయేది. డ్రమ్ములు, బోల్టులు ఎర్రగా తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఎప్పుడూ నల్లగా ఉండే మా చేతులు ఆ రోజుల్లో ఎర్రగా మారాయి. ఇంజిన్ సంపుల్లోంచి బురదతోపాటు గడ్డి, గవ్వలు, ఒకసారి ఏ ఇంటిదో పసుపు భరిణె మూత కూడా వచ్చింది. తుప్పు ఎరుపుకు కిరసనాయిలు పనిచెయ్యదని అందరికీ తెలుసు. అత్తయ్య పచ్చడికని దాచుకున్న చింతపండు ముద్ద పంపించింది. ఆ పూటల్లో పంపు దగ్గర మాటల్లేవు. అడ్వాన్సులు ఎవరూ అడగలేదు.

1980ల్లో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో కొత్త సరుకు దిగింది. గేర్‌బాక్సు భాయి బావమరిది కువైట్ షెడ్డు నుంచి ఆకుపచ్చ జెల్లీ డబ్బా ఒకటి తెచ్చాడు. స్వార్ఫెగా అని దాని పేరు. పొడి చేతికి రాసుకుని తుడిచేస్తే చాలు, మరక మొత్తం దానితో వచ్చేసేది. ఆటోనగర్‌లో సగం మంది వచ్చి వేలు ముంచి చూసి పోయారు. ఇంగ్లండులో బెల్పర్ అనే ఊళ్ళో ఆడ్లీ విలియమ్సన్ అనే ఆయన 1947లో దాన్ని అమ్మకానికి పెట్టాడు. అంతకు ముందు ఆయన తయారుచేసింది పట్టు మేజోళ్ళు ఉతుక్కునే సరుకు. నైలాన్ మేజోళ్ళు వచ్చి ఆ బేరం మూతపడితే, మెకానిక్కుల చేతుల వైపు తిరిగాడు. దొరసానుల కాళ్ళ కోసం పుట్టిన ఆలోచన లారీ మేస్త్రి గోళ్ళ దాకా వచ్చిందన్నమాట. మామయ్య వాసన చూసి, "బాగానే ఉంది గాని, అయిపోయాక?" అన్నాడు. నిజమే. డబ్బా అయిపోయింది, మళ్ళీ బూడిదకే వచ్చాం.

ఎంత కడిగినా గోరు కింద ఒక గీత మిగిలేది. ఆ గీతతోనే ఊళ్ళోకి వెళ్ళాలి. బ్యాంకులో పాస్‌బుక్కు చాపితే గుమాస్తా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని తీసుకునేవాడు. నా ఇంటర్ నోటుపుస్తకాల్లో ప్రతి పేజీ మూలా నల్లగా ఉండేది. ఫొటో స్టూడియోకు వెళ్తే మెకానిక్కులు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ కాలపు ఆటోనగర్ ఫొటోలు ఎవరింట్లోనైనా ఉంటే చూడండి, అందరూ పోలీసు పెరేడులో ఉన్నట్టు కనిపిస్తారు. పెళ్ళిచూపులకు పోయేవాడి పాట్లు చెప్పనక్కర్లేదు. వారం ముందు నుంచి సున్నిపిండి, పసుపు, నిమ్మ తొక్క. మా షెడ్డు కుర్రాడొకడు, గీతలు ఎంతకీ పోకపోతే, రెండు అరచేతులకూ గోరింటాకు పెట్టించుకుని వెళ్ళాడు. మగపిల్లాడికి గోరింటాకేంటని పిల్ల తరఫువాళ్ళు నవ్వుకున్నారు గాని సంబంధం కుదిరింది. మామయ్య సంపాదన ఊళ్ళో హైస్కూలు మాస్టారి సంపాదనకు తక్కువేం కాదు. అయినా పిల్లనిచ్చేవాళ్ళ కన్ను ముందు గోరు మీదే పడేది. తెల్లచొక్కాలకు మనం ఇచ్చిన మర్యాదలో సగం వట్టి సబ్బు ఖర్చే.

ఇంటి దగ్గర అత్తయ్య కట్టడి వేరే. వీధి అరుగు మీద ఇంకో చెంబు నీళ్ళు, ఇంకోసారి కడుగుడు. షెడ్డు చొక్కా గుమ్మం లోపలికి రాకూడదు. లైటు స్విచ్చి దగ్గర గోడకు ఎంత కట్టడి చేసినా ఒక నల్ల మచ్చ ఉండేదే. సంక్రాంతికి సున్నం వేసేదాకా అది పెరుగుతూనే ఉండేది. అన్నానికి కూర్చోగానే మామయ్య ముందు వేళ్ళు వాసన చూసుకునేవాడు. డీజిలు వాసన వస్తే మొదటి ముద్ద మామిడికాయ పచ్చడితో. ఉప్పూ పులుపూ కారం కలిసి వేళ్ళ వాసన కొట్టేస్తాయని ఆయన నమ్మకం. చెంచా ఇస్తానంటే అత్తయ్యను కసిరేవాడు. ఏడాదిలో ఆయన చేతుల అసలు రంగు చూసేది దసరాకే. ఆయుధపూజ ముందు రోజు స్పానర్లు, జాకీలు, వైసు అన్నీ కిరసనాయిలుతో కడిగి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి వరసగా పేర్చేవాళ్ళం. షెడ్డు మూసేవాళ్ళం. విజయదశమి నాటికి చేతులు కొంచెం తేరుకునేవి. మర్నాడు మళ్ళీ మామూలే.

ఇంత ముచ్చటగా చెబుతున్నానని ఆ రోజులు రావాలని కోరుకుంటున్నానని అనుకోకండి. ఆ పద్ధతుల్లో చాలావాటిని ఇప్పుడు నేను పగవాడికి కూడా చెప్పను. కిరసనాయిలు మరకతోపాటు చర్మంలో ఉండే సహజమైన నూనెను కూడా లాగేస్తుంది. మామయ్యకు నలభై ఐదు దాటాక చేతులు ఎర్రబడి, పొలుసులు లేచి, రాత్రుళ్ళు దురదతో నిద్రపట్టేది కాదు. డాక్టరు మందు రాసి, "కిరసనాయిలుతో కడుక్కోవడం మానకపోతే ఏ మందూ పనిచెయ్యదు" అన్నాడు. పెట్రోలు ఇంకా చెడ్డది. మన దేశంలో 2000 సంవత్సరం దాకా పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు, ఆ సీసం మందు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, డ్రమ్ము విప్పి గాలి పైపు పెట్టి ఊదేవాళ్ళం. వాడేసిన ఇంజిన్ ఆయిల్లో ఉండే మసి సంగతి సరేసరి. పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్ళకు మసి వల్ల చర్మపు క్యాన్సరు వస్తోందని లండన్ డాక్టరు పెర్సివాల్ పాట్ 1775లోనే రాశాడు. రెండు వందల ఏళ్ళు గడిచినా ఆ కబురు మా బోరింగు పంపు దాకా రాలేదు.

ఇప్పుడు కంపెనీ సర్వీసు సెంటర్లలో నీలం రంగు గ్లౌజులు, నారింజ వాసన వేసే హ్యాండ్ క్లీనరు, గోడకు కంప్యూటరు. మామయ్య విప్పి, కడిగి, బిగించిన పాత మైకో డీజిలు పంపుల చోట కామన్ రైలు ఇంజెక్షను వచ్చింది. దాన్ని ఎవరూ షెడ్డులో విప్పరు, పాడైందని తేలితే తీసి కొత్తది పెడతారు. పళ్ళెంలో స్పేర్లు నానబెట్టే పనే తగ్గిపోయాక చేతులు నల్లబడేదెక్కడ? ఆటోనగర్‌లో మాత్రం పాత బళ్ళు ఉన్నంతకాలం పాత షెడ్లూ ఉంటాయి. మామయ్య పనిమానేసి చాలా ఏళ్ళయింది. రేషన్ షాపులో వేలిముద్ర పెట్టే మిషను వచ్చాక ఆయన వేలు దానికి ఆనడం లేదు. బూడిదా బీరపీచూ పెట్టి ఏళ్ళ తరబడి తోమిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. "తాతా, చెయ్యి శుభ్రంగా కడుక్కుని రా" అన్నాడట డీలరు దగ్గరి కుర్రాడు. మామయ్యకు అది పెద్ద జోకు. ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

చేతులు కడుక్కునే చోటు గురించి మన చట్టంలో ఒక మాట ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షను ప్రకారం కార్మికులకు కడుక్కునే ఏర్పాటు యజమానే చెయ్యాల్సి ఉండేది. రైల్వే వర్క్‌షాపు లాంటి పెద్ద చోట్లకు అది వర్తించేది. కాని ఆ చట్టంలో ఫ్యాక్టరీ అంటే కరెంటుతో నడిచే చోట కనీసం 10 మంది, కరెంటు లేనిచోట 20 మంది పనిచేస్తూ ఉండాల్సింది. మా షెడ్డులో ఎప్పుడూ అంతమంది లేరు, ఆటోనగర్‌లో చాలా షెడ్లలో ఉండరు. 2020లో తెచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ సంఖ్యను 20కీ 40కీ పెంచింది. అంటే చిన్న షెడ్డులో కుళాయి, సబ్బు ముక్క అన్నవి ఇప్పటికీ ఓనరు మంచితనాన్ని బట్టే.

కాబట్టి షెడ్డు ఓనర్లకు నాదొక విన్నపం: ఒక కుళాయి, ఒక బార్ సబ్బు, ఒక కొబ్బరినూనె సీసా పెట్టించండి. మొత్తం కలిపి ఒక ఫిల్టరు ఖరీదు కాదు. బళ్ళున్నవాళ్ళకు ఇంకోటి. రోడ్డు పక్కన బండి బాగుచేసిన కుర్రాడు పని అయ్యాక పైపు పీకి రెండు చుక్కల పెట్రోలు చేతుల మీద పోసుకోబోతాడు, మీరు కూడా పోనీలే అని ఊరుకుంటారు. సీసం పోయింది గాని పెట్రోల్లో బెంజీన్ ఇంకా ఉంది, అది క్యాన్సరు కారకం. వద్దని చెప్పి, డిక్కీలో ఒక సబ్బు ముక్కా నీళ్ళ సీసా పెట్టుకుని అవి ఇవ్వండి.